గబ్బిలం బ్లఫ్ చేయదు

ఎదుటివాడి చేతిలో ఏ ముక్కలున్నాయో తెలియకపోవడంలోనే పోకర్ మజా అంతా ఉంది. పేకముక్కలతో రాక్షసులను కొట్టించే మొబైల్ గేములు సరిగ్గా ఆ మజానే తీసి పక్కన పెట్టాయి. వీటిలో పెయిర్, అంటే ఒకే విలువ ఉన్న రెండు ముక్కలు, పడితే మన వీరుడి కత్తి గీరుకుంటుంది; ఫ్లష్, అంటే అయిదూ ఒకే గుర్తు ముక్కలు, పడితే నరుకుతుంది. ఎదురుగా ఉన్న ప్రాణి మాత్రం చాలా గేముల్లో తన తర్వాతి దెబ్బ ఎంతో నెత్తిమీద అంకె వేసుకుని మరీ చూపిస్తుంది. ఆ నిజాయితీయే మా బావగారి కొంప ముంచింది.

బావగారు పైసా పందెం కట్టరు గానీ, ముఖంలో ఏ భావమూ కనబడనీయకుండా కూర్చోవడంలో ఆయనకు ఆయనే సాటి. చేతిలో చెత్త ముక్కలు పెట్టుకుని, నలుగురు రాజులూ తన దగ్గరే ఉన్నట్టు మీసం సవరించుకుంటూ, ఇంటిల్లిపాది చేతా ముక్కలు కింద పడేయించిన చరిత్ర ఆయనది. అటువంటి మనిషికి మా అబ్బాయి "ఇది కూడా పోకరే మావయ్యా" అంటూ ఫోన్ అందించాడు.

మొదట ఎదురైన చిల్లర భూతాలు సులువుగానే పోయాయి. తరువాత గబ్బిలం వచ్చింది. దానికి మిగిలిన ప్రాణం 8, మన వీరుడికి 9, గబ్బిలం నెత్తిమీద అంకె కూడా 9. బావగారి చేతిలో ఇస్పేటు రాజు, పది, ఆరు, మూడు, వాటితోపాటు ఆఠీను రాజు ఉన్నాయి. రాజుల పెయిర్ వేస్తే పది దెబ్బ తగిలి గబ్బిలం అక్కడికక్కడే రాలిపోతుందని మా అబ్బాయి చెప్పాడు.

"తన బలం నెత్తిమీద రాసుకుని తిరిగేవాడు ఎక్కడైనా ఉంటాడట్రా? దాని దగ్గర ఏమీ లేదు, ఇది బ్లఫ్, ఉత్త బుకాయింపు" అని తేల్చేశారు బావగారు. ఆపైన తన సుప్రసిద్ధమైన నిర్వికార ముఖం పెట్టి, గబ్బిలం ధైర్యం సడలేదాకా దానివంక రెప్పవేయకుండా చూస్తూ కూర్చున్నారు. గబ్బిలం సడలలేదు గానీ ఫోన్ తెర ఆరిపోయి లాక్ పడింది; మా అబ్బాయి వేలు పెట్టి తీయవలసి వచ్చింది.

బావగారు ఆఠీను రాజును పారేసి ఫ్లష్‌కు వెళ్లారు. ఆయన చూడని ముక్కలు 47, వాటిలో ఇస్పేట్లు 9, అంటే అయిదింట ఒక వంతు అవకాశం కూడా లేదు. నిజానికి 52 ముక్కల్లోంచి అయిదేసి చొప్పున 25,98,960 రకాలుగా తీయవచ్చు; వాటిలో 10,98,240 ఒట్టి పెయిర్లే కాగా ఫ్లష్‌లు 5,108 మాత్రమే. ఇటువంటి గేములలో అన్నం పెట్టేది పెయిరే. 2024లో వచ్చిన బలాట్రో అనే పోకర్ తరహా గేములో అయితే రాక్షసులూ లేరు, కత్తులూ లేవు, దాటవలసిన స్కోరే శత్రువు. అక్కడ ప్రత్యేక శక్తులున్న 150 జోకర్ ముక్కల్లో తగినవి కుదిరితే అల్పమైన పెయిరే ఫ్లష్‌ను తలదన్నుతుంది. ఈ లెక్కలన్నీ బావగారికి కంఠోపాఠమే. అయితే బ్లఫ్‌ను పట్టుకున్నానన్న ఆనందంలో ఉన్న మనిషికి లెక్కలు ఎవరు గుర్తు చేయగలరు?

వచ్చిన ముక్క డైమన్ రెండు. కత్తి గాలిలో తిరిగి గబ్బిలం ప్రాణాన్ని ఒక్క అంకె తగ్గించింది. గబ్బిలం తాను ముందే చెప్పిన 9నీ పొల్లుపోకుండా కొట్టింది.

వీరుడు నేలకూలగానే, ప్రకటన చూస్తే ప్రాణం పోస్తామన్న బేరం తెరమీదికి వచ్చింది. అదికూడా బ్లఫేనని కాసేపు అనుమానించి, చివరకు బావగారు ఆ ప్రకటనంతా బుద్ధిగా చూశారు. వీరుడు నిజంగానే లేచాడు. ఎదురుగా అదే గబ్బిలం, దాని నెత్తిమీద అదే 9. చేతిలోకి ఈసారి రాణుల పెయిర్, మూడు కళావర్లు వచ్చాయి.

"చూశావా, మళ్లీ అదే అంకె చూపిస్తోంది. ఒకే ఎత్తు రెండోసారి వేస్తోందంటే ఇప్పుడు దాని చేతిలో నిజంగానే ఏమీ లేదన్నమాట" అంటూ బావగారు రాణులిద్దరినీ పారేశారు.