ఆషాఢంలో ఇల్లు చేరిన నటుడికి కూలి ఎవరివ్వాలి?

పండగొస్తే ఊరంతా ఇంటికి చేరుతుంది. నాటకం వాళ్ళు ఇంట్లోంచి బయల్దేరతారు. సంక్రాంతి, శివరాత్రి, శ్రీరామనవమి, ఊరి తిరునాళ్ళు, దసరా... జనానికి సెలవున్న ప్రతి రాత్రీ వాళ్ళకు పనే. మరి వాళ్ళ సెలవెప్పుడు? వైశాఖంలో ఆఖరి తిరునాళ్ళు ముగిసి మేకప్ పెట్టె అటకెక్కిన దగ్గర్నుంచి వినాయక చవితి పందిళ్ళు లేచేదాకా. ముసురు పట్టిన ఆ రెండు మూడు నెలలు నటుడు ఇంట్లో ఉంటాడు. చుట్టుపక్కల వాళ్ళు 'ఖాళీగా ఉన్నాడు' అంటారు. సాంస్కృతిక శాఖ లెక్కల్లో అయితే ఆ నెలల్లో అతను అసలు కనిపించడు.

ఆ ఖాళీ అనే మాటే తప్పు. వచ్చే ఏడాది నాటకం నిలబడేదీ కూలబడేదీ ఆ రెండు నెలల్లోనే. ఆ పనికి ఇవాళ పైసా కూలి లేదు. ప్రభుత్వం ఇవ్వాలి. దానం కింద కాదు, పని కూలి కింద.

సురభి నాటక కుటుంబాల చరిత్ర, పద్యనాటకం వైభవం, సినిమా వచ్చాక ఏమైందీ అందరికీ తెలిసిన కథే. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచకవధ'తో మొదలైన ఆ కుటుంబాల ప్రయాణం శేరిలింగంపల్లి కాలనీ దాకా ఎలా వచ్చిందో ఇక్కడ మళ్ళీ చెప్పను. డేరా దించి ఇల్లు చేరాక ఏం జరుగుతుందో మాత్రం ఎవరూ రాయలేదు, అదే చెప్పాలి.

ముందు సామాను సంగతి. తెల్లగుడ్డ మీద వజ్రం (వడ్రంగులు వాడే జిగురు) కలిపిన రంగుతో పాత పద్ధతిలో గీసిన తెరకు వాన గాలి పెద్ద శత్రువు. మడతపెట్టి ట్రంకులో పడేస్తే మడత దగ్గర రంగు పెళ్ళలుగా లేస్తుంది. అందుకని వెదురు బొంగుకు చుట్టాలి, అదీ బొమ్మ బయటికి వచ్చేలా. లోపలికి చుడితే రంగు పొర నలిగి ముడతలు పడుతుంది. చుట్టిన తెరను నేల మీద పెట్టకుండా ఇటుకల మీదకో, గోడకు కట్టిన తాళ్ళ మీదకో ఎత్తాలి. బూజు కనిపిస్తే తడిగుడ్డ ముట్టించకూడదు, వజ్రం కరిగి రాజదర్బారు స్తంభాలు కిందికి కారిపోతాయి. ఎండ కాసిన పూట తెర విప్పి, నీడలో గాలికి ఆరనిచ్చి, మెత్తటి కుంచెతో దులపాలి. ఒక్కో తెరకు ఇద్దరు మనుషులు, సగం రోజు.

కిరీటాలు, భుజకీర్తులు అట్ట మీద గుడ్డ అంటించి, జరీ, పూసలు, అద్దాలు కుట్టినవి. అంటించింది మైదా బంకతో కాబట్టి బొద్దింకలకు, ఎలుకలకు అది విందు. అందుకే మళ్ళీ అంటించేటప్పుడు బంక ఉడికించే నీళ్ళలో చిటికెడు మైలుతుత్తం వేస్తారు. పురుగు రాకుండా పెట్టే కలరా ఉండలు జరీకి నేరుగా తగలకూడదు, తగిలితే జరీ నల్లబడుతుంది. విడిగా గుడ్డలో మూటగట్టి పెట్టె మూలన పెట్టాలి.

హార్మోనియం మరీ సున్నితం. తేమకు మెట్ల చెక్క ఉబ్బి ఇరుక్కుంటుంది, నొక్కిన మెట్టు పైకి లేవదు. ఎండలో పెడితే చెక్క పగిలి గాలి కారుతుంది. గాలాడే గదిలో, నేలకు ఎత్తుగా, తిత్తి మూసి పెట్టాలి. పలకని రీడు (గాలికి కదిలి పలికే ఇత్తడి నాలుక) కింద సన్నటి కాగితం జరిపితే చాలాసార్లు దుమ్ము వదిలి పలుకుతుంది. శ్రుతి తప్పితే రీడును గీకాలి. కొస దగ్గర గీకితే శ్రుతి పెరుగుతుంది, మొదట్లో గీకితే తగ్గుతుంది. చెయ్యి ఒక్క గీత ఎక్కువ పడితే ఆ రీడు పోయినట్టే. ఈ పని సీజన్లో, రోజుకో ఊరు తిరుగుతూ చేసేది కాదు.

ఇక సురభి వంటి నాటక సమాజాల్లో మనిషిని గాల్లోకి లేపే తీగ ఉంది. నారదుడు మబ్బుల్లో వెళ్ళినా, ఘటోత్కచుడు దిగినా ప్రాణం వేలాడేది దాని మీదే. తీగ పొడవునా పాత గుడ్డ పట్టుకుని జరుపుకుంటూ పోవాలి. తెగిన పోగు ఎక్కడుంటే అక్కడ గుడ్డ చిక్కుకుంటుంది (వట్టి చేత్తో చూస్తే చెయ్యి చీరుకుపోతుంది). కప్పీ మీద వంగే చోట, బిగింపు దగ్గర ముందు తెగుతుంది. ఒక్క పోగు తెగినా తీగ మార్చాల్సిందే. మార్చాక మనిషి బరువుకు రెట్టింపు ఇసుక బస్తాలు కట్టి లేపి చూడనిదే పిల్లల్ని ఎక్కించకూడదు. డబ్బు లేని ఆషాఢంలో వాయిదా పడేవి సరిగ్గా ఇలాంటివే. కొత్త తీగ, కొత్త కప్పీ. ప్రేక్షకుడికి ఆ తేడా తెలియదు, పైన వేలాడే పిల్లాడికి తెలుస్తుంది.

ఇదంతా చెక్క, గుడ్డ, ఇనుము. అసలు పనిముట్టు గొంతు. మగ గాయకులు మామూలుగా ఒకటి, రెండు శ్రుతుల్లో (అంకె పెరిగే కొద్దీ గొంతు ఎత్తు పెరుగుతుంది) పాడుతుంటే పద్యనాటకంలో నాలుగు, నాలుగున్నర దాకా వెళ్ళేవాళ్ళు ఉన్నారు. పద్యం చివర రాగం లాగి, 'వన్స్ మోర్' అంటే మళ్ళీ లాగాలి. నెలల తరబడి అర్ధరాత్రి ఇలా వాడిన గొంతుకు ముందు విశ్రాంతి కావాలి, ఒకటి రెండు వారాలు. ఆ తర్వాత పొద్దున్నే అరగంట, వేదిక మీద పాడే శ్రుతికి రెండు శ్రుతులు దిగువన మొదలుపెట్టి, వారానికి అర శ్రుతి చొప్పున పైకి రావాలి. రెండు శ్రుతులు ఎక్కడానికే నెల పడుతుంది. మొత్తం కలిపితే ఆషాఢం, శ్రావణంలో సగం. లెక్క సరిగ్గా సరిపోతుంది, ఆ రోజులు అతని చేతిలో ఉంటే.

ఉండవు కదా! జూన్ 12 ప్రాంతంలో బడులు తెరుస్తారు. ఫీజు, పుస్తకాలు, యూనిఫాం అన్నీ ఆ నెలలోనే. రాబడి నిలిచిపోయేదీ ఆ నెలలోనే. దాంతో నిన్నటి హరిశ్చంద్రుడు సిమెంటు బస్తాలు దించడానికో, సున్నం గోకడానికో పోతాడు. పని తప్పని నేను అనను. కానీ సిమెంటు దుమ్ము రెండు నెలలు పీల్చిన గొంతు దసరాకి నాలుగు శ్రుతిలో పలకదు, బలవంతంగా పలికిస్తే చీలుతుంది. రెండో దారి అడ్వాన్సు. దసరా రాత్రులకు ఇప్పుడే డబ్బు తీసుకోవడం. అవసరానికి తీసుకున్నవాడికి రేటు బేరమాడే నోరు ఉండదు. ఆషాఢంలో అమ్ముకున్న రాత్రి ఎప్పుడూ చౌకే.

పద్యనాటకంలో ఇంకో మెలిక ఉంది, బయటివాళ్ళకు అంతగా తెలియదు. ఒకే పాత్రను ముగ్గురు నలుగురు పంచుకుంటారు. ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు, మూడో కృష్ణుడు. వారణాసి సీనుకు ఒక హరిశ్చంద్రుడు, కాటి సీనుకు మరొకరు. కాంట్రాక్టరు తలా ఒక ఊరి నుంచి పిలుస్తాడు, వాళ్ళు వేదిక వెనక మేకప్ దగ్గరే కలుస్తారు. అందరికీ ఉమ్మడిగా తెలిసినవాడు ఒక్క హార్మోనిస్టే. రిహార్సల్ అనేది ఉండదు. అంటే పద్యం శుద్ధి చేసుకోవడం, మాట విరుపు దిద్దుకోవడం, కొత్త సీను నేర్చుకోవడం అన్నీ నటుడు ఇంట్లో ఒంటరిగా చేసుకోవాల్సిందే. ఆ రెండు నెలలు పోతే ఆ నాటకానికి తయారీ అన్నదే లేదు. 'ఈమధ్య నాటకాలు పలచబడ్డాయి' అని ముందు వరసలో కూర్చుని పెదవి విరిచే పెద్దలు ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి.

పని లేని కాలానికి డబ్బిచ్చే పద్ధతి మనకు కొత్తది కాదు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో వేట నిషేధం. ఆ కాలానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మత్స్యకార కుటుంబానికి 2019 నుంచి 10 వేలు ఇచ్చింది, 2025లో దాన్ని 20 వేలు చేసింది. ఏ పార్టీ ప్రభుత్వమూ దాన్ని భిక్ష అనలేదు. ఆ 61 రోజుల్లో చేప పెరుగుతుంది, వేటగాడు వల అల్లుకుంటాడు, పడవకు తారు పూసుకుంటాడు. నటుడి ఆషాఢం అచ్చం ఇదే.

అభ్యంతరం ఉంది. వేట ఆపమన్నది ప్రభుత్వం కాబట్టి పరిహారం ఇస్తోంది, నాటకం ఆపమని ఎవరన్నారు, వానాకాలం అందరికీ ఉన్నదేగా, తాపీమేస్త్రీకీ పని ఉండదు, రేపు ప్రతివాడూ నేనూ కళాకారుణ్ణే అంటే? ఈ చివరి ప్రశ్న న్యాయమైనది, జవాబు కింద చెబుతాను. మొదటిది మాత్రం నిలవదు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట మైకు పెట్టకూడదు. పండగలకు రాష్ట్రం అర్ధరాత్రి దాకా సడలించవచ్చు, అదీ ఏడాదికి 15 రోజులు మించకుండా. తెల్లవార్లూ ఆడే నాటకం దీంతో రెండు మూడు గంటలకు కుదించుకుపోయింది. సీన్లు తగ్గితే కృష్ణులు తగ్గుతారు, హరిశ్చంద్రులు తగ్గుతారు. ఆ నిబంధన వద్దని నేననను, రోగులకూ చదువుకునే పిల్లలకూ నిద్ర కావాలి. 2022 జనవరిలో 'చింతామణి' నాటకాన్ని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిషేధించింది. ఆ ఉత్తర్వు మంచిచెడ్డలు వేరే చర్చ. ఆ ఒక్క నాటకంలోని పాత్రతోనే ఇల్లు గడుపుకునే నటుల ముందు పరిహారం అనే మాటైనా ఎత్తారా? పని ఆపించే చెయ్యి ప్రభుత్వానిదైనప్పుడు పెట్టే చెయ్యీ దానిదే కావాలి.

పొరుగున చూడండి. కేరళలో కథకళి విద్యార్థులకు వానాకాలం అంటే ఒళ్ళు తయారు చేసుకునే కాలం. తెల్లవారుజామునే నూనె పట్టించి, గురువు పైనుంచి కర్ర పట్టుకుని పాదాలతో మర్దనా చేసే ఉళిచ్చిల్ ఆ నెలల్లోనే జరుగుతుంది. 1930లో మొదలైన అక్కడి కళల శిక్షణ సంస్థ కళామండలం దాన్ని పాఠ్యక్రమంలో భాగం చేసింది. వాన పడే నెలల్ని వాళ్ళు చదువులో కలుపుకున్నారు, మనం లెక్కలోంచి తీసేశాం. ఫ్రాన్సులో అయితే ఏడాదిలో 507 గంటలు పనిచేసినట్టు చూపిన రంగస్థల కళాకారుడికి, సాంకేతిక సిబ్బందికి పని లేని రోజుల్లో భృతి వస్తుంది.

అక్కడ గంటలు లెక్కపెడతారు. మనం రాత్రులు లెక్కపెడదాం. ఎవరు కళాకారుడో ఎలా తేలుతుందన్న ప్రశ్నకు జవాబు మన నాటకాల దగ్గరే అచ్చయి ఉంది, కరపత్రం. గులాబీ రంగు కాగితం మీద తేదీ, ఊరు, సందర్భం, కింద వరసగా పాత్ర పేరు, నటుడి పేరు, అతని ఊరు. ఆఖర్న హార్మోనియం ఎవరు, తబలా ఎవరు, మేకప్ ఎవరు. ఇంతకంటే గట్టి హాజరు పట్టీ ఏ ఆఫీసులో ఉంది? దానికి తోడు మైకు కోసం పోలీసులిచ్చిన అనుమతి కాగితం జత చేస్తే దొంగ లెక్కకు చోటుండదు. ఏడాదిలో 20 రాత్రులు చూపినవారికి, నటుడైనా, హార్మోనిస్టైనా, తెర లాగేవాడైనా, వేట విరామానికి ఇచ్చినంతే, 20 వేలు. నాటక సమాజంగా రిజిస్టరైన వాళ్ళకు కేంద్రం ఇచ్చే రెపర్టరీ గ్రాంటు (బృందాలకిచ్చే సాయం) ఉంది. గురువుకు నెలకు 15 వేలు, 18 మంది దాకా శిష్యులకు భృతి. మంచిదే. కానీ పద్యనటుడికి సమాజం లేదు, రిజిస్ట్రేషన్ లేదు, ఉన్నదల్లా సంచీలో కరపత్రాల కట్ట. ముసలితనంలో ఇచ్చే కళాకారుల పింఛను పాడే వయసులో ఉన్నవాడికి అందదు.

డబ్బు లేదంటే నమ్మలేం. మన ప్రభుత్వాలకు, మన సంస్థలకు శాలువాకు డబ్బుంది, జ్ఞాపికకు ఉంది, ఫ్లెక్సీకి ఉంది. ఏప్రిల్ 16న కందుకూరి పేరుతో రంగస్థల దినోత్సవం, మధ్యలో పోటీలు, ఉత్సవాలు. ఖర్చంతా తెర లేచిన తర్వాతి రెండు గంటల మీదే, ఫొటో పడేచోటే. తెలుగునాట కళకు పట్టిన పెద్ద జబ్బు ఇదే. ఒక్క నాటకమే కాదు, తోలుబొమ్మలాట వాళ్ళకు వేదికిస్తాం, మేకతోలు కొనడానికి రూపాయి ఇవ్వం. ఒగ్గుకథ చెప్పేవాణ్ణి ఊరేగింపులో నడిపిస్తాం, డోలుకు కొత్త తోలు వేయించుకోమని ఎవరూ ఇవ్వరు. ప్రదర్శనను కొంటున్నాం, తయారీని ఉచితంగా తీసుకుంటున్నాం. ఆ ఉచితం నటుడి భార్య కుట్టుమిషను కూలిలోంచి, ఆమె తాకట్టు పెట్టిన పుస్తెలతాడులోంచి వస్తోంది. రాష్ట్రంలో నాటకానికి అతిపెద్ద పోషకురాలు ఆవిడే. ఆవిడకు ఏ వేదిక మీదా కుర్చీ వెయ్యరు.

ఇస్తే ఎప్పుడివ్వాలన్నది ఎంతివ్వాలన్న దానికంటే ముఖ్యం. కరపత్రాలు చైత్రం ఆఖరుకల్లా మండలంలో తీసుకుని, వైశాఖంలో జాబితా తేల్చి, డబ్బు జూన్ మొదటి వారంలో ఖాతాలో వెయ్యాలి. బడి ఫీజుకు, తీగకు, రీడుకు అప్పుడే అక్కరకొస్తుంది. ఫైలు నడిచి నడిచి ఆగస్టు ఆఖర్న పడితే, అప్పటికే ఆ నటుడి దసరా రాత్రులన్నీ సగం రేటుకు అమ్ముడుపోయి ఉంటాయి.