దోమతెరకూ గడువుంది

అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల మీద చాలా ఇళ్లలో వంటా పడకా ఒకే గదిలో. పొయ్యికి నాలుగడుగుల దూరంలో వాసానికి వేలాడే, మలేరియా రాకుండా ప్రభుత్వం ఇచ్చిన దోమతెర పొగకు నల్లబడుతుంది. నిప్పురవ్వ పడిన చోట చిల్లు పడుతుంది. పిల్లలు లాగితే ఆ చిల్లే పిడికిలి దూరేంత కన్నమవుతుంది. రికార్డులో మాత్రం అది దోమతెర అందిన ఇల్లే. ఇచ్చి ఎన్నేళ్లయినా ఆ లెక్క మారదు. మా అభ్యంతరం అక్కడే.

మందు పట్టించిన తెర దోమను ఆపడమే కాదు, చంపుతుంది కూడా. డెల్టామెత్రిన్ లాంటి మందు దారానికే పట్టి ఉంటుంది. లోపల పడుకున్న మనిషి వాసనకు వచ్చిన దోమ తెర మీద వాలి చస్తుంది. గూడెంలో ఎక్కువమంది తెరలో పడుకుంటే తెర లేని పక్కింటికీ కొంత రక్షణ దొరుకుతుంది. అయితే ఆ మందు పనిచేసేది సుమారు మూడేళ్లు, ఇరవై ఉతుకులు. ఆ తర్వాత మిగిలేది వట్టి గుడ్డ, అదీ చిరుగులతో.

గట్టిగా పంచితే ఏం జరుగుతుందో మన సరిహద్దు అవతలే కనిపించింది. మల్కన్‌గిరి, కోరాపుట్ మనలాంటి కొండలే, అదే సెలయేటి దోమ. ఒడిశా 2017లో కోటికి పైగా తెరలు పంచింది. మారుమూల ఊళ్లలో జ్వరం లేనివాళ్లకు కూడా రక్తపరీక్షలు చేసి మందులిచ్చింది. ఆ ఏడాది 3.4 లక్షలు దాటిన మలేరియా కేసులు 2018లో 70 వేల లోపుకు వచ్చాయి. తెర ఒక్కటే చేసిన పని కాదు, కానీ తెర లేకుండా జరిగేది కాదు.

తెరలు ఇచ్చినా కట్టుకోరని, చేపలు పట్టడానికి వాడేస్తారని అధికారులు అంటూ ఉంటారు. అలా జరగడం లేదని మేము అనం. కానీ ఎండాకాలం ఉక్కలో, గాలి ఆడని గదిలో తెర కింద పడుకోవడం ఎంత కష్టమో అనేవాళ్లు ఒక్క రాత్రి పడుకుని చూడాలి. పోడు కాపలాకు మంచె మీద పడుకునే మనిషికి ఇంట్లో తెర ఉండి ఏం లాభం? ఇద్దరికి ఒక తెర అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన లెక్క మంచిదే. దాన్ని కాగితం మీద భాగహారంలా కాకుండా, ఇంట్లో ఎన్ని పడకలు, మంచె మీద ఎవరు, ఆశ్రమ పాఠశాలలో ఎవరు అని అడిగి చూడాలి. గర్భిణి ఉన్న ఇంటికి ముందు ఇవ్వాలి. మలేరియా వస్తే ఆమెకు రక్తం తగ్గుతుంది, బిడ్డ బరువు లేకుండా పుడుతుంది. నొప్పులొస్తే డోలీలో మోసుకెళ్లాల్సిన దారులవి.

చెప్పాల్సిన చిన్న విషయాలు కూడా ఉన్నాయి. కొత్త తెరను విప్పి ఒక రోజు నీడలో ఆరేయాలి. మామూలు సబ్బుతో మెల్లగా ఉతికి నీడలోనే ఆరబెట్టాలి, ఎండ తగిలితే మందు పోతుంది. గెడ్డలో, అంటే వాగులో ఉతకకూడదు, ఆ మందు చేపలకు విషం. ఇవి తెర చేతికిచ్చి ఫొటో తీసుకునే అయిదు నిమిషాల్లో అయ్యే మాటలు కావు. ఆశా కార్యకర్త ఇంటికి వెళ్లి, తాడు ఎక్కడ కట్టాలో, అంచు పరుపు కిందికి ఎలా దోపాలో చేసి చూపించాలి. అందుకు ఆమెకు వేరుగా డబ్బులివ్వాలి.

దోమ కూడా మందుకు అలవాటు పడుతోంది. అందుకే 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండు మందులు కలిపిన తెరలను సిఫారసు చేసింది. మన కొండల్లో ఏ మందు ఇంకా పనిచేస్తోందో పరీక్షించాకే కొనాలి.

2030 నాటికి మలేరియా లేకుండా చేస్తామని కేంద్రం మాట ఇచ్చింది. జ్వరాలు ముదిరాక టెండర్లు పిలిస్తే తెరలు చేరేసరికి వానలు వెళ్లిపోతాయి. ప్రతి తెర అంచు మీద ఇచ్చిన నెల, ఏడాది చెరగని సిరాతో రాయాలి. మూడేళ్లు నిండిన ఇళ్ల జాబితా మార్చికల్లా పీహెచ్‌సీలో ఉండాలి. మే నెలాఖరుకు కొత్త తెర ఆ ఇంటి వాసానికి కట్టి ఉండాలి.