సవరణ: ఫ్లాష్‌బ్యాక్‌లో ఉన్న అమ్మాయిని కళ్లు మూసుకోమనకండి

ట్రామాకు (మనసును తీవ్రంగా గాయపరిచిన అనుభవానికి) గురైన టీనేజ్ అమ్మాయిలు ఉండి చికిత్స పొందే కేంద్రాల గురించి గత పోస్టులో రాస్తూ, ఫ్లాష్‌బ్యాక్ వస్తే, అంటే పాత ఘటన ఇప్పుడే మళ్లీ జరుగుతున్నట్టు అనిపిస్తే, 'కళ్లు మూసుకుని గట్టిగా ఊపిరి పీల్చుకో' అని చెప్పమన్నాం. అది తప్పు, క్షమించండి. కళ్లు మూస్తే ఎదురుగా ఉన్న గది మాయమై పాత దృశ్యమే మిగులుతుంది. గబగబా లోతుగా పీలిస్తే తల తిరిగి భయం ఇంకా పెరుగుతుంది.

సిబ్బందిలో ఒక్కరే మాట్లాడాలి, మిగతావాళ్లు వెనక్కి తగ్గాలి. తలుపు దారికి అడ్డం రాకుండా, కాస్త దూరంగా, ఆమె కంటి ఎత్తులో పక్కగా కూర్చోండి. మీ పేరు, ఈ రోజు ఏ వారం, ఇప్పుడు ఎక్కడున్నారో నెమ్మదిగా చెప్పండి. కనిపించే 5 వస్తువులు, తాకగలిగే 4, వినిపించే శబ్దాలు 3 చెప్పమనండి. మొదటి ఐదింటి దగ్గరే ఆగిపోయినా ఫర్వాలేదు. ఊపిరి సంగతి ఆ తర్వాతే: 4 లెక్కపెడుతూ లోపలికి, 6 లెక్కపెడుతూ బయటికి. అడగకుండా ముట్టుకోకండి, ఓదార్పుగా భుజం తట్టడం కూడా వద్దు. 'ఏం గుర్తొచ్చింది?' అని అప్పుడే అడగకండి. ఆ సంభాషణ థెరపిస్టుతో, ఆమె సిద్ధపడ్డాక.

రాత్రి తనిఖీల గురించి, అంటే అమ్మాయిలు క్షేమంగా ఉన్నారో లేదో సిబ్బంది గదికి వచ్చి చూడటం గురించి, గత పోస్టులో రాసింది కూడా అస్పష్టంగా ఉంది. నిద్ర చెడుతుందని తనిఖీలు తగ్గించమని మా ఉద్దేశం కాదు. ఎంతసేపటికోసారి చూడాలో ఆమెకున్న ప్రమాదాన్ని బట్టి చికిత్స బృందమే నిర్ణయించాలి. మారాల్సింది పద్ధతి: ఎవరు, ఎప్పుడు వస్తారో పడుకునే ముందే చెప్పండి. టార్చి ముఖం మీద కాకుండా నేల మీదికి వేసి, ఊపిరి ఆడుతోందో లేదో చూడండి.