సవరణ: టెన్స్ మెషిన్ ప్యాడ్లు ఎక్కడ పెట్టాలి

టెన్స్ అంటే చర్మానికి అతికించిన ప్యాడ్ల ద్వారా సన్నటి కరెంటు పంపి నొప్పి తగ్గించడానికి వాడే చిన్న మెషిన్. మోకాలి ఆపరేషన్ తర్వాతి నొప్పి గురించి రాసిన పోస్టులో "టెన్స్ ప్యాడ్లు నొప్పి ఉన్నచోటే అతికించండి" అని ఉంది. దాన్ని ఇలా మార్చి చదవండి: కుట్ల మీద, మానని గాయం మీద ప్యాడ్ పెట్టకూడదు. గాయానికి అటూ ఇటూ, స్పర్శ బాగా తెలిసే చర్మం మీద, ఫిజియో చూపించిన చోటే పెట్టాలి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు గుండె డాక్టర్ని అడక్కుండా మెషిన్ జోలికి వెళ్లొద్దు.

పిక్కలో కొత్తగా నొప్పి, వాపు, వేడి కనిపిస్తే రక్తం గడ్డకట్టిందేమో అని అనుమానించాలి. అక్కడ ప్యాడ్ పెట్టి సర్దుకుంటే కుదరదు, వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

వైజాగ్ కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆస్పత్రి) చుట్టుపక్కల సర్జికల్ షాపుల్లో మెషిన్ కొనేవాళ్లు ప్యాడ్లు విడిగా దొరుకుతాయో లేదో అడగండి. (అన్ని నొప్పులకీ ఈ మెషినే మందని ఎవరైనా అంటే మాత్రం నమ్మకండి.) మన ఊరి ఉక్కపోతకి చెమట పట్టి జిగురు తొందరగా పోతుంది, అంచు లేచిన ప్యాడ్ చురుక్కుమంటుంది. చర్మం పొడిగా తుడిచి పెట్టుకోండి, తీశాక దాని ప్లాస్టిక్ షీటుకే తిరిగి అంటించండి. సన్నగా చిమచిమలాడితే చాలు, కండరం ఎగిరిపడేంత కరెంటు పెంచక్కర్లేదు. మెషిన్ ఉంది కదా అని డాక్టర్ రాసిన మాత్రలు మానేయొద్దు.