దీపంలో చమురు

(పెద్ద జీతం, దానికి తగ్గ చాకిరీ. అక్క ఉద్యోగం మానేస్తానంటోంది, తమ్ముడు వద్దంటున్నాడు. పక్కనే కూర్చుని విన్నది విన్నట్టు రాస్తున్నాను. నా మొగ్గు అక్క వైపే. అయినా కొన్నిచోట్ల తమ్ముడిదే పైచేయి అయింది, అదీ దాచను.)

తమ్ముడు: దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు పెద్దలు. నువ్వేమో నలభై రెండేళ్లకే దీపం ఆర్పేస్తానంటావేంటక్కా?

అక్క: ఆ దీపంలో చమురు నేనేరా. అది మాత్రం ఎవరికీ కనబడదు.

తమ్ముడు: మాటలకేం, బాగానే ఉంటాయి. అసలేం జరిగిందో చెప్పు.

అక్క: ఏమీ జరగలేదు, అదే బాధ. మొన్న రాత్రి పాప వచ్చి పన్ను ఊడిందని అరచేతిలో పెట్టుకుని చూపించింది. నేను లాప్‌టాప్‌లోంచి తలెత్తకుండా "సరే, నోట్ చేసుకున్నా" అన్నాను. క్లయింటుకి చెప్పినట్టు. అది కాసేపు నిలబడి, పన్ను కీబోర్డు పక్కన పెట్టి వెళ్లిపోయింది. నేను మీటింగు అయ్యాక చూశాను.

తమ్ముడు: (కాసేపాగి) సరే. పని ఎక్కువైతే తగ్గించుకోవాలి గానీ మానెయ్యడమేంటి? చిన్న జీతాల వాళ్లకి మాత్రం తీరిక ఉందా? రెండు చోట్ల చేసినా నెలాఖరుకి వెతుక్కునేవాళ్లు ఎంతమంది! మానేద్దామా వద్దా అని నువ్వు ఆలోచించగలుగుతున్నావంటే అది ఈ జీతం చలవే.

అక్క: కాదనను. కానీ ఒంటికి జీతం ఎంతో తెలియదుగా. వారానికి 55 గంటలు, ఆపైన పనిచేస్తే ఏమవుతుందో ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో లెక్క తేల్చాయి. 35 నుంచి 40 గంటలు చేసేవాళ్ల కంటే పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువట, గుండెజబ్బుతో పోయే ముప్పు 17 శాతం ఎక్కువట. నావి 65 గంటలు, మంచం మీద ఫోన్ చూసేది కలపకుండానే.

తమ్ముడు: అది గంటల లెక్క, జీతం లెక్క కాదు. రేపు ఇంకోచోట చేరినా, సొంతంగా ఏదైనా పెట్టినా 70 గంటలు చేస్తావు. నిన్నెరగనా? కుర్చీ మారుతుంది, కూర్చునేది నువ్వేగా!

(ఈ దెబ్బ గట్టిగానే తగిలింది. అక్క వెంటనే బదులివ్వలేదు.)

అక్క: ఆ రోగం నాలో ఉంది, ఒప్పుకుంటా. అయితే ఏటేటా బోనస్ ఇచ్చి దాన్ని పెంచుతున్న చోటు నుంచి ముందు బయటపడాలిగా.

తమ్ముడు: ఒక స్థాయి దాటాక డబ్బుతో సంతోషం పెరగదని నువ్వే చెప్పేదానివి. 2010లో మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానెమన్, ఆర్థికవేత్త ఆంగస్ డీటన్ అలాగే అన్నారు, అమెరికాలో ఏడాదికి 75 వేల డాలర్ల దగ్గర ఆగిపోతోందని. 2021లో మాథ్యూ కిలింగ్స్‌వర్త్ అనే పరిశోధకుడు వచ్చి ఆగట్లేదన్నాడు. 2023లో కానెమన్ అతనితోనే కూర్చుని మళ్లీ లెక్కేస్తే, చాలామందిలో పెరుగుతూనే ఉందని తేలింది.

అక్క: మిగతాది మింగేస్తావేం? బాగా దిగులుగా ఉన్నవాళ్లలో మాత్రం ఒక హద్దు దాటాక డబ్బు పెరిగినా లాభం కనబడలేదని అందులోనే ఉంది. పన్ను సంగతి విన్నాక కూడా నేను ఏ గుంపో అడుగుతావా?

తమ్ముడు: అయితే అంకెల్లోకే రా. పని మానేసి బతకడానికి ఏడాది ఖర్చుకి 25 రెట్లు కూడబెడితే చాలంటారే, అది 1994లో విలియం బెంగెన్ అనే ఆర్థిక సలహాదారు వేసిన లెక్క నుంచి వచ్చింది. అమెరికా మార్కెట్ల పాత లెక్కలు చూసి, 30 ఏళ్ల విశ్రాంత జీవితానికి వేశాడు. నీకు ముందున్నవి అంతకంటే ఎక్కువే. చాలదు.

అక్క: అసలు పనే మానేస్తానని ఎవరన్నారు? సగం జీతానికి చేస్తానంటున్నా. వడ్డీలూ ధరలూ పక్కనపెట్టి చూడు. వచ్చిన నూటిలో 10 దాచేవాడు ఒక్క ఏడాది తీరిక కోసం తొమ్మిదేళ్లు పనిచెయ్యాలి. 50 దాచేవాడికి ఏడాదికి ఏడాది. మనమేమో జీతం పెరిగినప్పుడల్లా ఖర్చూ పెంచుకుంటూ వచ్చాం. ఇప్పుడు కాలు కదపాలంటే భయం.

తమ్ముడు: సగం జీతానికి సగం పని ఇక్కడే అడగొచ్చుగా. అడిగావా?

అక్క: లేదు.

తమ్ముడు: ఎందుకడగలేదు?

అక్క: ఒప్పుకుంటారేమోనని. జీతం సగమవుతుంది, ఫోన్ మాత్రం ఎప్పట్లాగే మోగుతుంది.

(ఆ భయం ఉత్తదేం కాదు. అలా ఒప్పందం చేసుకుని, సెలవు రోజున కూడా మెయిళ్లకు జవాబులిచ్చేవాళ్లని నేనూ చూశాను.)

తమ్ముడు: అయినా అడుగు. ఏయే రోజుల్లో ఫోన్ ఎత్తవో కాగితం మీద రాయించుకో. కాదన్నారా, అప్పుడు ఇవ్వు నోటీసు. ఈలోగా ఆరు నెలలు సగం జీతంతోనే ఇల్లు నడిపి చూడు. మిగతా సగం ముట్టుకోవద్దు. నెట్టుకురాలేకపోతే మళ్లీ ఈ మాట ఎత్తకూడదు.

అక్క: నాలుగో నెల నడుస్తోంది.

తమ్ముడు: ఏంటీ?

అక్క: రెండో నెల్లో చేతులెత్తేశాననుకో. కారు అమ్మేశాక కాస్త కుదురుకుంది.

తమ్ముడు: అమ్మేశావా! మరి సర్వీసింగుకి ఇచ్చానన్నావు?