ఉగాది దాకా ఆగకండి, ఆగస్టులోనే పలకరించండి

మొన్న ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం జరిపిన ఉగాది వేడుకలో పంచాంగ శ్రవణం అయ్యాక, భోజనాల దగ్గర మైకులో ఒక మాట వినపడింది: "ముందు ఫ్యామిలీలు రండి, స్టూడెంట్స్ చివర్లో." అన్నవారికి దురుద్దేశం లేదు. పేరు ఇవ్వకుండా వచ్చేవాళ్లు ఎక్కువైతే వడ్డించే వలంటీర్ల అవస్థ అందరికీ తెలిసిందే. కానీ ప్లేటు పట్టుకుని వెనక్కి జరిగిన ఆ పిల్లలు ఆగస్టులో చదువు కోసం ఇక్కడ దిగినవాళ్లు. ఎనిమిది నెలలు మన మధ్యే ఉన్నా, మన సంఘం వాళ్లతో మాట్లాడిన మొదటి మాట అది.

2023–24లో అమెరికాలో చదివిన భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. అందులో మన రాష్ట్రాల పిల్లలు ఎంతమందో టెక్సాస్‌లోని డెంటన్‌లోనో, రిచర్డ్‌సన్‌లోనో ఏ అపార్ట్‌మెంటు మెట్ల మీద నిలబడినా చెవికే తెలుస్తుంది. వాళ్ల మీద మన ఫిర్యాదు ఒక్కటే: ఇళ్లు పాడుచేస్తారు, పద్ధతి తెలీదు. సరే, ఆ పద్ధతి ఎవరు చెప్పారు?

మన ఊళ్లో బాత్రూమ్ గచ్చు తూము వైపు వాలి ఉంటుంది, ఎన్ని చెంబులు పోసినా పోతాయి. ఇక్కడ గచ్చుకు తూమే ఉండదు. టబ్బు బయట పోసిన నీళ్లు నేల మీది వినైల్ పరుపు అంచుల్లోంచి కింది చెక్కలోకి ఇంకి, కింది ఇంటి సీలింగు మీద మరకై తేలతాయి. డిపాజిట్ అలా పోతుంది. కర్టెన్ అంచు టబ్బు లోపలికి వేలాడాలి, బకెట్, మగ్గు కూడా టబ్బులోనే ఉండాలి. టాయిలెట్ దగ్గర చేతి స్ప్రే బిగించుకుంటే, వాడిన ప్రతిసారీ గోడ దగ్గర స్ప్రేకి నీళ్లు మళ్లించే టీ-వాల్వు కట్టేయాలి. స్ప్రే మీట వదిలినంత మాత్రాన గొట్టంలో ఒత్తిడి తగ్గదు, రాత్రిపూట అది పగిలితే ఇల్లంతా నీళ్లే.

పోపు సంగతీ అంతే. గ్యాస్ పొయ్యి కట్టేస్తే మంట ఆగుతుంది. ఇక్కడి కరెంటు కాయిల్ పొయ్యి కట్టేశాక కూడా చాలాసేపు కాలుతూనే ఉంటుంది, ఎండుమిర్చి మాడి స్మోక్ అలారం మోగుతుంది. దాంతో పిల్లలు అలారానికి ప్లాస్టిక్ కవరు తొడుగుతారు. లీజు ప్రకారం అది తప్పు, పైగా ప్రాణాపాయం. నూనె పొగ రాకముందే, మధ్యస్థం వేడి మీద ఆవాలు వేసి, అవి చిటపటలాడగానే గిన్నెను పక్కనున్న చల్లని బర్నర్ మీదికి జరిపి మిర్చి, కరివేపాకు వేస్తే చాలు. ఈ మాట చెప్పడానికి రెండు నిమిషాలు పడుతుంది. పోపు మానుకోమని మాత్రం చెప్పకండి, పరాయి ఊళ్లో వాళ్లకున్న ఇల్లు ఆ వాసనే.

తల్లిదండ్రులకూ ఒక మాట. సూట్‌కేసులో మిక్సీ పెట్టి పంపకండి. 230 వోల్టుల మోటారు ఇక్కడి 120 వోల్టుల మీద బలం లేక నెమ్మదిగా తిరుగుతుంది, పప్పు నలగదు, బలవంతం చేస్తే వేడెక్కుతుంది. 750 వాట్ల మిక్సీకి ట్రాన్స్‌ఫార్మర్ కొనాలంటే కనీసం 1,500 వాట్లది కావాలి. అంతకంటే ఇక్కడి ఇండియన్ స్టోర్‌లో ఇక్కడి కరెంటుకు సరిపోయే మిక్సీ కొనడం మేలు. ఆ బరువులో కందిపొడి, ఊరగాయ పంపండి.

ఇక కాగితాలు. నలుగురి పేర్ల మీద లీజు తీసుకున్నాక ఒకడు మధ్యలో వెళ్లిపోతే, మొత్తం అద్దె మిగతా ముగ్గురి మీదే పడుతుంది. తాళాలు తీసుకున్న రోజే కార్పెట్ మరకలు, గోడల గీతలు ఫొటోలు తీసి ఆఫీసుకు మెయిల్ చేయాలి. టెక్సాస్‌లో ఖాళీ చేశాక కొత్త చిరునామా రాతపూర్వకంగా ఇస్తేనే 30 రోజుల్లో డిపాజిట్ లెక్క తేల్చాల్సిన బాధ్యత ఓనర్ మీద ఉంటుంది. ఇల్లు మారితే పది రోజుల్లోగా యూనివర్సిటీకి చెప్పాలి. ఆ ఏడాది ఒక్క డాలరు సంపాదించకపోయినా ఇక్కడి పన్నుల శాఖకు 8843 ఫారం పంపాలి. జ్వరానికి ఎమర్జెన్సీ రూముకు పరుగెత్తకుండా, ఇన్సూరెన్స్ నెట్‌వర్క్‌లో ఉన్న అర్జెంట్ కేర్ క్లినిక్ ఏదో ముందే చూసుకోవాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది పని. తరగతులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి చేయకూడదు. సోషల్ సెక్యూరిటీ నంబరు కూడా ఆ ఉద్యోగం ఖాయమయ్యాకే అడగాలి. క్యాంపస్ పని దొరక్క, అప్పు వడ్డీ గుర్తొచ్చి, పిల్లలు బయట నగదు పనుల్లోకి జారతారు. పట్టుబడితే సెవిస్ రికార్డు, అంటే విదేశీ విద్యార్థిగా ప్రభుత్వం దగ్గరున్న నమోదు, రద్దవుతుంది, చదువూ పోతుంది. ఆ పని ఇచ్చేవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. సాయం చేస్తున్నామనే అనుకుంటారు. దయచేసి మానండి. అంతకన్నా ఆ పిల్లవాడికి ఒక నెల బియ్యం కొనివ్వండి.

1977లో తానా (ఉత్తర అమెరికా తెలుగు సంఘం) మొదలైన నాటి నుంచి మన సంఘాలు మహాసభలు ఘనంగా జరుపుతున్నాయి. అవి ఆపమని ఎవరూ అనరు. అడిగేది మూడు శనివారాలు. ఆగస్టులో తరగతులు మొదలయ్యే ముందు ఒకటి, ఎవరి ఇంటి వంటగదిలోనో, బాత్రూమ్‌లోనో చూపిస్తూ. అక్టోబరులో ఒకటి, లీజులు, బిల్లులు, ఇన్సూరెన్స్ ముందేసుకుని. ఫిబ్రవరిలో ఒకటి, ట్యాక్సు ఫారాల కోసం. ఒక్కో కుటుంబం ఒక్కో విద్యార్థుల అపార్ట్‌మెంటును చూసుకుంటే సరిపోతుంది. కార్యవర్గం జులై నెలాఖరులోగా పేర్లు తీసుకోవాలి. వచ్చే ఉగాదికి పిల్లల దగ్గర కూడా ముందే పేర్లు రాయించుకుని, అందరికీ ఒకే వరస పెట్టాలి.