ప్యాకేజీ మారినంత మాత్రాన డేటా మారదు

సర్వర్ ఆపరేటింగ్ సిస్టమ్ డెబియన్‌ను 12 నుంచి 13కు మార్చాక చాలామంది ఒక చోట తికమకపడతారు. అప్‌గ్రేడ్ ఏ ఎర్రరూ లేకుండా ముగిసింది, డేటాబేస్ సాఫ్ట్‌వేర్ పోస్ట్‌గ్రెస్ 17 వచ్చేసింది. అప్లికేషన్ మాత్రం ఇంకా 15తోనే నడుస్తోంది. క్లస్టర్ల (ఒక్కో పోస్ట్‌గ్రెస్ సర్వర్ నడిపే డేటాబేస్‌ల సముదాయం) జాబితా చూస్తే రెండు వరుసలుంటాయి: 5432 పోర్టులో మన డేటా ఉన్న పాత 15, 5433లో ఖాళీగా ఉన్న కొత్త 17.

దీన్ని లోపమనుకుని విసుక్కునేవాళ్లున్నారు. నా దృష్టిలో మాత్రం ఇది డెబియన్ వాళ్ల మంచి నిర్ణయం. మేజర్ వెర్షన్ మారితే, పాతది రాసిన డేటా డైరెక్టరీని కొత్త సర్వర్ నేరుగా తెరవలేదు. ప్యాకేజీలు ఎక్కించే డెబియన్ సాధనం ఆప్ట్‌కు తెలిసింది ఏ ఫైలు తీయాలో, ఏ ఫైలు పెట్టాలో అంతే. మన టేబుళ్లు ఎంత పెద్దవో, బ్యాకప్ నిన్నటిదో నెల కిందటిదో దానికేం తెలుసు? తెలియని చోట చేయి పెట్టకుండా ఆగింది.

అక్కణ్నుంచి పని మనది. తీసేస్తున్నది ఖాళీ 17నే అని రెండుసార్లు చూసుకుని తీసేసి, పాత డేటాను కొత్త వెర్షన్‌కు మార్చే పీజీ-అప్‌గ్రేడ్‌క్లస్టర్ కమాండ్ నడపాలి. ఏ పద్ధతీ చెప్పకపోతే అది డంప్ (డేటా మొత్తానికి నకలు) తీసి మళ్లీ ఎక్కిస్తుంది. పెద్ద డేటాబేస్‌కు గంటలు పడుతుంది. కాపీ చేయకుండా అవే ఫైళ్లను కొత్త చోట కూడా చూపించే హార్డ్ లింకులతో చాలా త్వరగా అయిపోతుంది కానీ, కొత్త సర్వర్ ఒకసారి మొదలయ్యాక పాతదాన్ని నమ్మి వాడలేం. వెనక్కి వెళ్లే దారి కోసం అదనంగా పెట్టే డిస్కు ఖర్చు నాకెప్పుడూ దండగనిపించలేదు.

అసలు భయం వేరే ప్యాకేజీతో. లినక్స్ ప్రాథమిక లైబ్రరీ జీలిబ్‌సీకి 2018లో వచ్చిన 2.28 వెర్షన్‌లో అక్షర క్రమం నియమాలు మారాయి. అమెరికన్ ఇంగ్లిష్ లొకేల్‌లో (భాషా సెట్టింగులో) '1-1', '11' రెంటినీ వరుసలో పెట్టమంటే పాతది 11ను ముందు పెట్టేది, కొత్తది 1-1ను పెడుతుంది. పాత వరుసలో కట్టిన ఇండెక్స్‌లో (రికార్డులను త్వరగా వెతికే సూచికలో) కొత్త వరుస ప్రకారం వెతికితే ఉన్న రికార్డే దొరక్కపోవచ్చు. ఒకే విలువను రెండుసార్లు రానివ్వని యూనిక్ ఇండెక్స్ ఉన్నా అదే విలువ రెండోసారి లోపలికి రావచ్చు. అదీ చడీచప్పుడు లేకుండా! పోస్ట్‌గ్రెస్ ప్యాకేజీని హోల్డ్‌లో పెట్టినా (మారకుండా ఆపినా) దీన్నుంచి రక్షణ లేదు, ఎందుకంటే మారింది అది కాదు. ఆ టెక్స్ట్ ఇండెక్సులన్నీ రీఇండెక్స్ చేయాల్సిందే, అంటే మళ్లీ కట్టాల్సిందే. పోస్ట్‌గ్రెస్ 15వ వెర్షన్ నుంచి డేటాబేస్ కొలేషన్ (అక్షర క్రమం) వెర్షన్ తేడాపై హెచ్చరిక వస్తోంది. రిఫ్రెష్ కమాండ్ కొడితే ఆ హెచ్చరిక పోతుంది, ఇండెక్స్ మాత్రం బాగుపడదు. దయచేసి ముందు రీఇండెక్స్ చేయండి.

మైనర్ అప్‌డేట్లనూ భయపడి ఆపేసేవాళ్లతో నేను ఏకీభవించను. పోస్ట్‌గ్రెస్ 14.0 నుంచి 14.3 వరకు, కాంకరెంట్‌గా (టేబుల్‌లో రాతలు ఆపకుండా) కట్టిన ఇండెక్సులు పాడయ్యే లోపం ఉండేది. 2022 జూన్‌లో 14.4 దాన్ని సరిచేసింది. హోల్డ్ పెట్టి మరచినవాళ్ల దగ్గర ఆ లోపం అలాగే ఉండిపోయింది. అలాగని వచ్చిన రోజే ప్రొడక్షన్‌లో ఎక్కించమనీ అనను: 2024 నవంబర్‌లో 17.1 కొన్ని ఎక్స్‌టెన్షన్లతో (అదనంగా జోడించే మాడ్యూళ్లతో) పొసగక, వారానికే 17.2 తేవాల్సి వచ్చింది. అదే ఎక్స్‌టెన్షన్లున్న టెస్ట్ సర్వర్‌లో ముందు వేసి, వారం గమనించి, రద్దీ లేని వేళ మనిషి దగ్గరుండి ప్రొడక్షన్‌లో వేస్తే చాలు.